“మా అమ్మాయి సైకాలజీ చదువుతానంటోంది, అయ్యగారూ!”



ఏప్రిల్ నెలలో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన నాటి నుండి వర్షములు పడేవరకు మా ఇంటి వరండాలో ఒకటే మాట. ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఫీజు ఎంత, హాస్టలు ఉందా? ఒకప్పుడు మా సంఘములోని పిల్లలకు ఎక్కువ దారులు ఉండేవి కావు. లెక్కలు వస్తే ఇంజనీరింగు, రాకపోతే బి.కాం., ఆడపిల్లలైతే నర్సింగు. గత నాలుగైదు సంవత్సరములుగా కొత్త మాట ఒకటి వినబడుతోంది. అదే సైకాలజీ, అనగా మనస్తత్వ శాస్త్రము.

ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసే ఒక సహోదరుడు 2025వ సంవత్సరములో ఈ మాటతోనే మా యొద్దకు వచ్చాడు. “నీట్‌లో ర్యాంకు రాలేదు అయ్యగారూ. లాంగ్ టర్మ్ కోచింగుకు పంపిస్తానంటే వద్దంటోంది. సైకాలజీ చదువుతానంటోంది. పిల్లను తీసుకుపోయి ఎర్రగడ్డలో కూర్చోబెడతావా అని వాళ్లమ్మ ఒకటే ఏడుపు” అన్నాడు. మా తెలంగాణ ప్రాంతములో ఎర్రగడ్డ అన్నది ఊరి పేరుగా ఎవరూ వినరు. అక్కడ మానసిక చికిత్సాలయము ఉన్నది గనుక ఆ పేరే తిట్టుగా మారిపోయింది. అక్కడ పనిచేసేవారికి కూడ ఆ తిట్టు అంటుకుంటుందేమో అని తల్లి భయము.

మా సంఘ పెద్దలలో ఒకరు యౌవనములో విశాఖపట్నములో చదువుకున్నవారు. ఆయన ఇంకొక సంగతి చెప్పి ఆ తల్లిని మరింత కంగారుపెట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు స్థాపించిన శాఖ పేరు సైకాలజీ మరియు పారాసైకాలజీ. ఇంద్రియములకు అందని అనుభవములను ప్రయోగశాలలో పరీక్షించే ప్రయత్నము అక్కడ జరిగేది. అది విని ఆమె “అయితే దయ్యాల చదువే కదా!” అన్నది. కాదమ్మా, బి.ఏ. పిల్లలు చదివేది జ్ఞాపకశక్తి, అభ్యాసము, బాల్య వికాసము, వ్యక్తిత్వము, స్టాటిస్టిక్స్ అని చెప్పి ఒప్పించడానికి ఒక సాయంత్రము పట్టింది. స్టాటిస్టిక్స్ అన్న మాట వినగానే ఈసారి అమ్మాయి ముఖము వాడిపోయింది. లెక్కలకు భయపడి బైపీసీ తీసుకున్న పిల్ల! సైకాలజీలో లెక్కలు ఉండవని ఎవరు పుట్టించారో గాని ఆ అపోహ గట్టిగా నాటుకున్నది. సగటు, ప్రామాణిక విచలనము, సహసంబంధము, ఇవి రాకుండ ఏ విశ్వవిద్యాలయములోనూ ఆ డిగ్రీ రాదు.

మనస్సును గూర్చిన శాస్త్రము విశ్వాసమునకు విరోధము కాదా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. కాలు విరిగి ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లినవాడిని ఎవరూ అవిశ్వాసి అనరు. ఆ చర్చ ఇంతటితో చాలు.

ఆ తండ్రి చేతిలో ఉన్నవి మూడు కాగితములు. ఒకటి హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రింద ఉన్న డిగ్రీ కాలేజీది. రెండవది ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయము వారి రంగుల పుస్తకము. మూడవది వాళ్ల బావమరిది పంపినది, ఇంటి దగ్గర ఉండి దూరవిద్యలో చదవమని. “మూడింటిలో ఏది మంచిది? మీరే చెప్పండి” అన్నాడు. మాకున్నది వేదాంత విద్యలో డిప్లొమా. అందులో పాస్టరల్ కౌన్సెలింగ్ ఒక పేపరు. ఆ పేపరు బలము మీద ఇటువంటి ప్రశ్నకు జవాబు చెప్పలేము గనుక, ఆ తండ్రీకూతుళ్లతో కలిసి హైదరాబాదు వెళ్లి రెండు రోజులు తిరిగాము. ఫోన్లు చేశాము, తెలిసినవారిని అడిగాము, చట్టములు తెప్పించుకొని చదివాము. ఇతర కుటుంబములకు ఉపయోగపడునని ఆ సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట అర్థమైనది ఏమంటే, కాలేజీలను పక్కపక్కన పెట్టి చూడడము తరువాతి పని. ఆ చదువు చివర పిల్ల ఏమి కావాలనుకుంటున్నది? అక్కడ మొదలుపెట్టి వెనుకకు నడిచి రావాలి. మా అమ్మాయి జవాబు తడుముకోకుండ వచ్చింది. “మనసు బాగోలేని వాళ్లకు వైద్యం చేయాలి” అన్నది.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. మందులు వ్రాసేది సైకియాట్రిస్టు. ఆయన ఎం.బి.బి.ఎస్. చదివి తరువాత మానసిక వైద్యములో పీజీ చేసిన డాక్టరు. మందులు లేకుండ పరీక్షలు జరిపి, మాటల ద్వారా చికిత్స చేసేవారు క్లినికల్ సైకాలజిస్టు. మూడు సంవత్సరముల బి.ఏ. చదివినవారు ఈ రెండింటిలో ఏదీ కాదు. డిగ్రీ తరువాత రెండేళ్ల ఎం.ఏ. చేసినా క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దీనిని స్పష్టముగా చెప్పింది. పీజీ తరువాత రెండేళ్లు పూర్తికాలము, రోగుల మధ్య అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ పొంది ఎం.ఫిల్. చేయాలి, లేదా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. 1992 నాటి చట్టము ప్రకారము ఆ కౌన్సిలు రిజిస్టరులో పేరు ఎక్కాలి. ఎక్కనివారు ఆ వృత్తి చేస్తే సంవత్సరము వరకు జైలు, లేక వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేక రెండూ అని అందులోనే ఉన్నది. వెయ్యి రూపాయలు! ఆ జరిమానాకు భయపడి బోర్డు దించినవాడిని మేము ఇంతవరకు చూడలేదు.

బోర్డు సంగతి ఎందుకు ఎత్తామంటే, మాకు తెలిసిన ఒక యౌవనస్థుడు ఉన్నాడు. డిగ్రీ రెండవ సంవత్సరములో ఉండగా జబ్బుపడ్డాడు. నిద్ర లేదు, ఎవరో తన మాటలు వింటున్నారని అనుమానము. ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఇచ్చిన మందులతో సంవత్సరము తిరిగేసరికి కుదుటపడి మరల కాలేజీకి వెళ్లసాగాడు. అప్పుడు ఎవరో చెప్పగా తల్లిదండ్రులు అతనిని ఒకాయన దగ్గరకు తీసుకువెళ్లారు. గది ముందు పెద్ద ఫ్లెక్సీ, సైకాలజిస్టు అని. ఆయన రెండు సిట్టింగులు చేసి, ఈ మందులు మెదడును మొద్దుబారుస్తాయి, మానేయండి అన్నాడు. మానేశారు. రెండు నెలలు గడవకముందే ఆ బిడ్డను నలుగురు పట్టుకొని జీపులో ఎక్కించవలసి వచ్చింది. తరువాత తెలిసింది, ఆ ఫ్లెక్సీ మనిషి చదివినది కొన్ని వారముల సర్టిఫికెట్ కోర్సు మాత్రమే. ఆ కుర్రవాడు ఇప్పుడు మందులు వాడుకుంటూ తండ్రి కొట్టులో కూర్చుంటున్నాడు. కాలేజీకి మాత్రము మరల వెళ్లలేదు.

ఈ అమ్మాయి అడిగిన చదువు మాకు చిన్న సంగతిగా కనబడకపోవడానికి కారణము అదే. ఆమె రేపు ఒక గదిలో కూర్చుంటుంది. ఎవరి బిడ్డో వచ్చి ఎదుట కూర్చుంటాడు.

సరే, హైదరాబాదులో చూసినవి చెబుతాము. తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు 2016 నుండి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, బషీర్‌బాగ్‌లోని నిజాం కళాశాల వంటి చోట్ల సైకాలజీ పాతకాలము నుండి పేరున్న సబ్జెక్టు. చిన్న పట్టణములలో అది దొరకడము కష్టము. మా ఊరి చుట్టుప్రక్కల కాలేజీలలో అడిగితే “బి.ఏ. ఉంది సర్, సైకాలజీ లేదు” అన్నారు.

కాలేజీలను పోల్చేటప్పుడు మేము మొదట అడిగినది, మూడేళ్లలో సైకాలజీ ఎంత భాగము అని. పాత పద్ధతి బి.ఏ.లో మూడు సబ్జెక్టులు సమానము. సైకాలజీ, సోషియాలజీ, ఇంగ్లీషు సాహిత్యము అని తీసుకుంటే సైకాలజీ మూడవ వంతే. అది తక్కువని కాదు. బి.ఎడ్.కు గాని, పోటీ పరీక్షలకు గాని వెళ్లాలనుకునే పిల్లకు మిగతా రెండు సబ్జెక్టులే అన్నము పెట్టవచ్చు. పక్క రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుండి ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది గనుక, అక్కడి బంధువులు చెప్పే లెక్కలు ఇక్కడ సరిపోవు. మేనమామలు, బాబాయిలు ఫోనులో ఇచ్చే సలహాలతో పిల్లలు తప్పుదారి పట్టేది ఇక్కడే.

రెండవది ల్యాబు. సైకాలజీకి ల్యాబు ఏమిటి అనుకునేవారు ఉంటారు. మేము చూసిన ఒక పాత కాలేజీలో లెక్చరర్ గారు బీరువా తాళము తీసి ఒక్కొక్క పరికరము బయట పెట్టారు. కళ్లకు గంతలు కట్టి వేలితో దారి వెదకించే చిక్కుదారి పలక, ఒకే పొడవున్న గీతలు హెచ్చుతగ్గులుగా కనబడే ముల్లర్-లయర్ పలక, తెలివితేటలు కొలిచే భాటియా వారి దిమ్మలు. అద్దములో చూస్తూ నక్షత్రము గీయించే పరికరము ముందు మా కండక్టరు సహోదరుని కూర్చోబెట్టారు. చేయి కనబడకుండ అడ్డు ఉంటుంది, అద్దములో మాత్రమే చూసి గీతల మధ్య పెన్సిలు నడపాలి. కదులుతున్న బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టే మనిషి! ఒక్క మూల తిప్పలేక పెన్సిలు అటూ ఇటూ పరుగెడుతుంటే కూతురు పకపక నవ్వింది. నాలుగవసారికి కొంచెము కుదిరింది. “చూశారా, చేతికి కొత్త అలవాటు నేర్పడమంటే ఇదే. ఎన్ని తప్పులు, ఎంత సమయము అని లెక్కవేస్తే అదే ప్రయోగము” అన్నారు లెక్చరర్ గారు. ప్రైవేటు విశ్వవిద్యాలయములో ల్యాబు ఎక్కడ అని అడిగితే ఏసీ గదిలో స్మార్ట్ బోర్డు చూపించారు.

ఆ విశ్వవిద్యాలయము వారి కోర్సు పేరులోనే ‘క్లినికల్’ అన్న మాట ఉన్నది. రీహాబిలిటేషన్ కౌన్సిలు ఆమోదము ఉన్నదా అని అడిగాము. “ప్రాసెస్‌లో ఉంది సర్” అన్నారు. కాగితము చూపమన్నాము. ఆ అబ్బాయి లోపలికి వెళ్లి వచ్చి కాఫీ ఇప్పించాడు. కాఫీ బాగున్నది. ఫీజు సంవత్సరమునకు రెండు లక్షల పైన, హాస్టలు వేరు. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి అడిగితే ఆ ఊసే లేదన్నారు. ఇక్కడ మన కుటుంబములకు ఒక మాట. దళిత మూలముల నుండి క్రైస్తవులైన వారికి ఈ రాష్ట్రములో బి.సి.-సి వర్గము క్రింద ఒక శాతము రిజర్వేషను ఉన్నది. ఆ సర్టిఫికెట్టు, ఆదాయ ధ్రువపత్రము ఫలితములు రాకముందే మీసేవలో తీసుకొని పెట్టుకోవాలి. సీటు వచ్చాక పరుగెత్తేవారిని ప్రతి సంవత్సరము చూస్తున్నాము.

గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఇంటర్ తరువాత నేరుగా చేరే అయిదేళ్ల ఎం.ఎస్సీ. హెల్త్ సైకాలజీ కోర్సు ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సంస్థ గనుక ఫీజు భారము కాదు, డిగ్రీ అయ్యాక మరల పీజీ ప్రవేశ పరీక్ష వ్రాసే పని లేదు. అయితే అక్కడికి సి.యు.ఈ.టి. అనే జాతీయ పరీక్ష ద్వారా వెళ్లాలి. దాని దరఖాస్తులు ఇంటర్ పరీక్షలు జరిగే రోజుల్లోనే ముగుస్తాయి. మే నెలలో వెళ్లి అడిగినవారికి ఆ తలుపు మూసి ఉంటుంది. వచ్చే సంవత్సరము ఇంటర్ వ్రాసే పిల్లల తల్లిదండ్రులు దీనిని క్యాలెండరు మీద వ్రాసుకుంటే మంచిది.

ఇక బావమరిది చెప్పిన దూరవిద్య. ఇగ్నో వంటి చోట ఏ డిగ్రీ ఉన్నా ఎం.ఏ. సైకాలజీలో చేరే వీలు ఎన్నో ఏళ్లు ఉండేది. ఉద్యోగము చేసుకుంటూ చదివినవారు, పిల్లలను పెంచుతూ చదివిన తల్లులు మాకు తెలుసు. వారిని చిన్నచూపు చూడనక్కరలేదు. కాని 2025 ఆగస్టులో యూజీసీ ఒక ప్రకటన చేసింది. 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టము క్రిందకు సైకాలజీ వస్తుంది గనుక, ఆ విద్యా సంవత్సరము నుండి దూరవిద్యలోను ఆన్‌లైనులోను కొత్త ప్రవేశములు ఆపివేయవలెనని. అప్పటికే చేరినవారు పూర్తి చేసుకోవచ్చు. మూడవ కాగితము ఆ విధముగా చేతిలో నుండి జారిపోయింది. ఇప్పటికీ ‘ఇంటివద్దనే సైకాలజీ డిగ్రీ’ అని ఎవరైనా ప్రకటన ఇస్తే డబ్బు కట్టకముందు రెండుసార్లు అడగండి.

మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది కరపత్రములలో వ్రాయని సంగతి. ఈ పిల్లలు నేర్చుకునేది ఇంగ్లీషులో. పుస్తకములు ఇంగ్లీషు, పరీక్షలు ఎక్కువగా ఇంగ్లీషు. రేపు వారి దగ్గరకు వచ్చేవారు మాట్లాడేది తెలుగు, అందులోను మా ఊరి తెలుగు. మా సంఘములోని ఒక తల్లి కొడుకు పోయిన తరువాత ఆరు నెలలు అన్నము సరిగా ముట్టలేదు. “మనాది పట్టుకున్నది అయ్యగారూ” అన్నారు ఇంటివారు. అప్పుల బాధతో నిద్రపట్టని రైతు “రంది” అంటాడు. ఇంకొకరు “గుండెలో దడ”, “కడుపులో మంట”, “ఒళ్లంతా తిమ్మిరి” అంటారు గాని మనసు అన్న మాటే ఎత్తరు. పాఠములో డిప్రెషన్ లక్షణములు తొమ్మిదీ అప్పజెప్పగల పిల్ల, మనాది అన్న మాట విని అది ఏమిటని అడిగితే ఆ తల్లి ఇంక నోరు విప్పుతుందా?

అందుచేత మేము ప్రతి చోట అడిగాము, మీ విద్యార్థులు మనుషుల మధ్యకు ఎప్పుడు వెళతారు అని. ఒక చోట మూడవ సంవత్సరములో వృద్ధాశ్రమమునకు, బుద్ధిమాంద్యత ఉన్న పిల్లల బడికి పంపి, ఒక్కొక్కరిని గూర్చి తెలుగులో విని ఇంగ్లీషులో వ్రాయిస్తామన్నారు. ఇంకొక చోట క్లాసులోనే ఒకరు రోగిగా ఒకరు కౌన్సెలరుగా నటిస్తారని చెప్పారు. భవనములు ఎలా ఉన్నా, మా మనస్సులో తూకము అప్పుడే తేలిపోయింది.

సికింద్రాబాదులో బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్ ఉన్నది. బుద్ధిమాంద్యత ఉన్నవారి కొరకు 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ అక్కడే ఉన్నది. దానిని కూడ ఆ అమ్మాయికి చూపించాము. గేటు దగ్గర పిల్లలను ఎత్తుకొని, చేయి పట్టుకొని వస్తున్న తల్లులను చూస్తూ ఆమె చాలాసేపు నిలబడింది. సైకాలజీ చదివినవారికి క్లినికు ఒక్కటే గమ్యము కాదని, ప్రత్యేక విద్య, పునరావాసము, బడులలో కౌన్సెలింగు, పరిశోధన, అధ్యాపక వృత్తి ఉన్నాయని మేము చెప్పిన మాటలకంటె ఆ గేటు ఎక్కువ చెప్పింది.

కౌన్సెలింగు అంటే గుర్తుకు వచ్చింది. మన ప్రాంతములో ఆ మాటకు ర్యాంకు కార్డు పట్టుకొని సీటు కోసము వెళ్లడమని అర్థము. మా అమ్మాయి కౌన్సెలరు అవుతుంది అని ఆ తండ్రి తోటి డ్రైవరుకు చెబితే, “అయితే మావాడికి ఎంసెట్ సీటు ఇప్పించమను” అన్నాడట!

చివరకు ఆమె ఉస్మానియా క్రిందనే, మనుషుల మధ్యకు పంపుతామన్న కాలేజీలో బి.ఏ.లో చేరింది. తల్లికి ఇప్పుడు ఇంకొక దిగులు. డిగ్రీ మూడు, ఎం.ఏ. రెండు, ఆ పైన శిక్షణ రెండు, మొత్తము ఏడు సంవత్సరములు. “పద్దెనిమిదికి ఏడు కలిపితే పాతిక. పెళ్లి ఎప్పుడు అయ్యగారూ?” అని అడిగింది. ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చి ఉంటే, ఆ పైన పీజీ కూడ చేస్తానంటే, ఆ లెక్క వేసేవారా అని మేము అన్నాము. ఆమె నవ్వి ఊరుకుంది గాని, ఆ ప్రశ్న మరల వస్తుందని మాకు తెలుసు.

ఏడేళ్ల తరువాత నియమములు ఇలాగే ఉంటాయని అనుకోకూడదు. కొత్త విద్యా విధానములో ఎం.ఫిల్. డిగ్రీలన్నిటినీ యూజీసీ తీసివేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రము 2025–26 విద్యా సంవత్సరము వరకు గడువు ఇచ్చింది. ఈ అమ్మాయి పీజీ ముగించేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అప్పటి కోర్సు పేరు ఏదైనా కావచ్చు. ఆ పేరును నమ్మకుండ, రీహాబిలిటేషన్ కౌన్సిలు వారి ఆమోదిత సంస్థల జాబితాలో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ సంవత్సరమునకు ఉన్నదా లేదా అని చూసుకోవాలి. ఆమె తండ్రి ఈ మాట తన టిక్కెట్ల సంచిలోని చిన్న పుస్తకములో వ్రాసుకున్నాడు, 2030 అని పైన తేదీ వేసి.